అరుగు మీద: గాలి నింపిన గొట్టం

వేసవి సెలవులు వచ్చినవంటే ఇళ్లలో మూల పడివున్న వస్తువులకు కాళ్లు వస్తాయి. పాత సైకిలు పంపు అటక దిగుతుంది. బోరుబావి పని ముగిశాక మిగిలిన పైపు ముక్క గోడవార నుంచి మాయమవుతుంది. పంక్చరు పడి పారవేసిన ట్యూబు పిల్లవాడి మంచం కింద తేలుతుంది. మన రాయచూరు జిల్లాలో పైపు ముక్కలకు ఏనాడూ కొదవ లేదు. పొలమున్న ప్రతి ఇంట్లోనూ గజమో రెండు గజాలో పడే వుంటుంది. ఆ ముక్కతో పిల్లలు ఏమి చేయబోతున్నారన్నదే యీ నెల మా ముచ్చట.

ఈ మధ్య మగపిల్లలకు ఒక సరదా పట్టుకున్నది. పైపుకు ఒక కొసన మూత బిగిస్తారు. పంపుతో లోపలికి గాలి ఎక్కిస్తారు. ఆ గాలిని ఒక్కసారిగా వదలి, రెండవ కొస నుంచి బంతినో బంగాళాదుంపనో ఎగరగొడతారు. దాన్ని చేసే విధమంతా ఫోనులో కనబడుతున్నది. మన సంఘం ఉగాది కూటంలో ఇద్దరు ముగ్గురు తల్లులు మమ్మల్ని నిలవేసి అడిగారు: "చేయనివ్వమంటారా, మానిపించమంటారా?" ఒక్క మాటలో తేలే సంగతి కాదు గనుక అరుగు మీదనే చెబుతామన్నాము.

ముందు గాలి సంగతి చూద్దాము. మన ఊళ్లలో దానికి మూడు పేర్లు. ఇంట్లో గాలి, కన్నడంలో గాళి, సైకిలు కొట్టులో హవా. పేరేదైనా దాని గుణం ఒక్కటే. మన చుట్టూ వున్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువుతో ఎప్పుడూ ఒత్తుతూనే వుంటుంది. లోపలా బయటా సమానంగా ఒత్తుతుంది గనుక మనకు తెలియదు. ఆ గాలిని సగం చోటులోకి కుదిస్తే దాని ఒత్తిడి రెండింతలవుతుంది. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన యీ సూత్రాన్ని మన పిల్లలు బడిలో వల్లె వేస్తూనే వున్నారు. వల్లె వేయని సంగతి ఒకటున్నది. పంపు కొట్టిన చేతి కష్టమంతా ఆ కుదించిన గాలిలో నిలువ వుంటుంది. నెలంతా కూడబెట్టిన డబ్బును సంతలో ఒక్క పూటలో ఖర్చు చేసినట్లు, వదలిన క్షణాన ఆ కష్టమంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది.

గాలితో వస్తువును విసరడం మన జిల్లాకు కొత్త విద్య కాదు. సింధనూరు, మాన్వి వైపు బియ్యపు మిల్లు వున్నవారి ఇంటికి వెళ్లినప్పుడు సార్టెక్స్ యంత్రాన్ని చూడండి. బియ్యం ఏటవాలు రేకు మీదుగా ధారగా జారుతుంటుంది. కెమెరా ప్రతి గింజనూ చూస్తుంది. నల్ల గింజో, పసుపు గింజో, రాతి ముక్కో కనబడగానే సన్నని రంధ్రం నుంచి గాలి ఒక్క ఊపు ఊది ఆ గింజను మాత్రమే పక్కకు తోస్తుంది. రెప్ప వేసే లోపల ఇది ఎన్నోసార్లు జరిగిపోతుంది. చేటతో చెరిగి, కళ్లకు దగ్గరగా పెట్టుకొని మన నాయనమ్మలు రాళ్లేరిన పని అది. హట్టి బంగారు గనిలో రాతికి తొలిచే బర్మాలకూ కుదించిన గాలే బలం. బస్సు ఆగినప్పుడు చక్రాల దగ్గర బుస్సుమనేదీ ఆ గాలే. పెద్దల చేతిలో, గట్టి ఇనుప తొట్టిలో, లెక్క ప్రకారం నడిచినంత కాలం ఇంత నమ్మకమైన పనివాడు మరొకడు లేడు.

పిల్లల చేతిలోనూ ఇది పాత ఆటే. వసంతాలాడే చిమ్మనగ్రోవి ఎలా పనిచేస్తుందో అందరికీ తెలుసు. వెదురు తుపాకి దానికి అన్నగారు. రెండు కొసలా తెరచివున్న సన్నని వెదురు గొట్టం, అందులో బిగువుగా దూరే పుల్ల, కొన్ని పచ్చి కాయలు వుంటే చాలు. మొదటి కాయను పుల్లతో ముందు కొస దాకా తోసి అక్కడ బిగిస్తారు. రెండవ కాయను వెనుక నుంచి తోస్తారు. రెండు కాయల నడుమ చిక్కిన గాలికి పోవడానికి దారి లేదు. అది కుదించుకొని కుదించుకొని, చివరకు ముందున్న కాయను ఠప్పుమని ఊడగొడుతుంది. రెండవ కాయ వచ్చి మొదటిదాని స్థానంలో నిలబడుతుంది. గాలి తుపాకి శాస్త్రమంతా ఇంతే.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు సీమలో దీనికి గొప్ప మర్యాద వున్నది. జగదల్‌పూరులో రథయాత్ర సమయాన గోంచా పండుగ జరుగుతుంది. అక్కడి గిరిజనులు వెదురుతో చేసిన తుపకీలతో పెంగ్ అనే అడవి కాయలను పేల్చి జగన్నాథస్వామికి వందనం చేస్తారు. దాని పేరు మన తుపాకి పేరే కావడం చూడండి. ఆ సీమను ఏలిన రాజవంశం తాము ఓరుగల్లు కాకతీయుల వారమని చెప్పుకొన్నది. మన రాయచూరు కోటను 1294లో కట్టించింది కాకతీయుల అధికారి గోరె గంగయ రెడ్డి అని కోటలోని శాసనమే చెబుతుంది. ఆ విధంగా కాకతీయుల పేరు బస్తరులోనూ వినబడుతుంది, ఇక్కడా వినబడుతుంది.

కోట మాట వచ్చింది గనుక మరొక మాట. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షా సైన్యంతో తలపడిన రాయచూరు యుద్ధంలో ఫిరంగులు మోగినవి. ముట్టడిలో పోర్చుగీసు తుపాకివాళ్లు రాయల పక్షాన కోట గోడల మీది వారిని గురిచూసి కొట్టారు. అది మందుగుండు విద్య. మందు మండి, ఆ మంటలో పుట్టిన వాయువు గుండును తోస్తుంది. గాలి తుపాకిలో మంట లేదు, మనం నింపిన గాలే తోస్తుంది. ఈ రెండు జాతులనూ పెద్దలు వేరుగా గుర్తించాలి. ఎందుకంటే పిల్లల చేతిలోని పైపు చూడడానికి రెండింటిలోనూ ఒకేలా వుంటుంది.

2025 దీపావళికి ఏమి జరిగిందో పత్రికల్లో చదివేవుంటారు. మధ్యప్రదేశ్‌లో, ముఖ్యంగా భోపాల్‌లో, ప్లాస్టిక్ పైపుతో చేసిన కార్బైడు తుపాకులు వీధుల్లో అమ్మకానికి వచ్చినవి. మామిడికాయలను దొంగచాటుగా మగ్గబెట్టడానికి వాడే ఆ కార్బైడే నీరు తగిలితే మండే వాయువునిస్తుంది. పండుగ మూడు నాళ్లలో వంద మందికి పైగా కళ్లకు దెబ్బలతో ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. కొందరికి చూపే పోయింది. పేలలేదేమా అని గొట్టంలోకి తొంగి చూసినప్పుడు పేలి గాయపడినవారు వారిలో వున్నారు. తరువాత అధికారులు ఆ గొట్టాల అమ్మకాన్ని నిషేధించారు. ఆ జాతి వస్తువు ఇంట్లో కనబడితే మాటలు అనవసరం. తీసి పారవేయండి, ఎందుకు పారవేశారో మాత్రం పిల్లవానికి చెప్పండి.

ఇక మిగిలింది గాలి తుపాకి. మంట లేదు, మందు లేదు, ఇందులో భయమేమున్నదని అడిగేవారున్నారు. మా పక్క ఇంటి కుర్రవాడు సరిగ్గా ఆ మాటే అడిగాడు. వాడికి పదమూడేళ్లు. తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లు వచ్చిన తొలి రోజుల్లో వాడి ముత్తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి క్యాంపులో పొలం కొన్నాడు. ఒకనాటి సాయంత్రం వాడు కాగితం మీద జాబితా రాసుకొని మా దగ్గరకు వచ్చాడు. రెండంగుళాల పైపు నాలుగడుగులు, మూత ఒకటి, అతికే జిగురు, ట్యూబు నుంచి కోసిన వాల్వు.

"బాబాయ్, మా నాయనమ్మ వద్దంటున్నది. నాన్న నీ ఇష్టమంటున్నాడు. నువ్వు చెప్పు" అన్నాడు.

"పైపు పగిలితే ఏమి చేస్తావురా?" అన్నాము.

వాడు సిద్ధంగానే వున్నాడు. "పగలదు బాబాయ్. పైపు మీద ఆరు కిలోలని అచ్చు వేసివున్నది. మన పంపుతో నాలుగు కిలోలకు మించి ఎక్కించను. ఇంకా రెండు కిలోలు మిగులే కదా!"

లెక్క తప్పు పట్టడానికి లేదు. మన రైతులందరూ నాలుగు కిలోల పైపు, ఆరు కిలోల పైపు అనే కొంటారు. చదరపు సెంటీమీటరుకు అంత ఒత్తిడి ఓర్చుతుందని దాని అర్థం. మేము జవాబు చెప్పకుండా వాణ్ణి పైపుల కొట్టుకు తీసుకొనిపోయి, ఆ మాటనే కొట్టాయన ముందు మళ్లీ చెప్పించాము. ఆయన తల ఎత్తకుండానే కన్నడంలో ఒకే ముక్క అన్నాడు: "ఇదు నీరిన పైపు, గాళియదల్ల." ఇది నీటి పైపు, గాలిది కాదు.

ఆ ముక్కలో వున్న శాస్త్రాన్ని దారిలో వాడికి విడమరచి చెప్పాము. పైపు మీద అచ్చు వేసిన కిలోలు నీటికి చెప్పిన లెక్క. నీటిని ఎంత ఒత్తినా దాదాపు కుదించుకోదు. నీటి పైపు పగిలితే నాలుగు చుక్కలు చిమ్మగానే ఒత్తిడి పడిపోతుంది, పొలం తడుస్తుంది, అంతే. గాలి అట్లా కాదు. అది ముడుచుకొని కూర్చున్న స్ప్రింగు. బీట పడిన చోటు నుంచి అంతా ఒక్కసారిగా విప్పుకొంటుంది. ఈ ప్లాస్టిక్ రబ్బరులా సాగదు, గాజులా పెళుసుగా ముక్కలై పగులుతుంది. ఆ ముక్కలు అంచు వాడి కత్తుల్లా నలుదిక్కులా ఎగురుతాయి. గోడవార ఏళ్ల తరబడి ఎండలో పడివున్న పైపు మరింత పెళుసు. మన ఎండ ఎటువంటిదో చెప్పనక్కరలేదు. అందుకే పైపులు చేసే కంపెనీలే వాటిలో కుదించిన గాలి నింపవద్దని హెచ్చరిస్తాయి.

ఇంకొక లెక్క కూడా వాడిచేతనే వేయించాము. రెండంగుళాల పైపు మూతకు సుమారు 20 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం వుంటుంది. చదరపు సెంటీమీటరుకు 4 కిలోల చొప్పున గాలి ఆ మూతను 80 కిలోల బలంతో తోస్తుంది. వడ్ల బస్తా బరువు 75 కిలోలు. "అంటే జిగురుతో అతికించిన ఆ మూత వెనుక బస్తా వడ్లకు మించిన బరువు నిలబడివుంటుంది. దాని పక్కన నీ మొహం వుంటుంది" అన్నాము. వాడు జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

పిల్లవాణ్ణి అక్కడే వదిలివేస్తే సగం పని మాత్రమే అయినట్లు. వద్దన్న ఆట డాబా మీదికి పోతుందని అమ్మలందరికీ తెలుసు. వాడి చేతికి మరొక వస్తువు ఇవ్వాలి. అదీ గాలితోనే నడవాలి, అదీ పైకి ఎగరాలి. లేకపోతే వాడు ఒప్పుకోడు. అటువంటిది ఒకటున్నది, నీటి రాకెట్టు. ప్రపంచమంతటా బడిపిల్లలు చేస్తున్నదే. ఖర్చు చాలా తక్కువ.

లీటరు పానీయపు సీసా కావాలి. గ్యాసు పానీయం అమ్మినదే కావాలి, ఎందుకంటే ఆ సీసాను ఒత్తిడికి ఓర్చేటట్లుగానే చేస్తారు. మామూలు మంచినీళ్ల సీసా పలుచన, పనికిరాదు. గాజు సీసా ఊహలోకే రాకూడదు. సీసా మూతికి బిగువుగా పట్టే బిరడా ఒకటి, రబ్బరుదైతే మేలు. బంతికి గాలి కొట్టే సూదిని ఆ బిరడా నడుమగా గుచ్చి, పొడుగాటి గొట్టంతో సైకిలు పంపుకు కలపాలి. సీసాలో మూడవ వంతు నీళ్లు పోసి, బిరడా బిగించి, తలకిందులుగా నాలుగు ఇటుకల మధ్య నిటారుగా నిలబెట్టాలి. ఎవరూ దాని మీదికి వంగకూడదు. గొట్టం పొడుగున వెనక్కి జరిగి పంపు కొట్టాలి. పది దెబ్బల లోపునే బిరడా తనంతట ఊడుతుంది, నీళ్లు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి లేస్తుంది.

ఇక్కడ ఒక సుగుణం గమనించండి. సీసా మూతి వైశాల్యం నాలుగు చదరపు సెంటీమీటర్లకు లోపే. ఒత్తిడి రెండు కిలోలకు చేరితే బిరడా మీద పడే బలం ఏడెనిమిది కిలోలు మాత్రమే. చేతితో నొక్కిపెట్టిన బిరడా అంతకు మించి నిలవదు, జారిపోతుంది. పైపులో మూత నిలిచినకొద్దీ అపాయం పెరుగుతుంది. సీసాలో బిరడా జారడమే ఆట. అందుకని బిరడాను తీగతో కట్టడం, జిగురుతో అతికించడం ఎన్నడూ చేయకూడదు.

ఆ ఆదివారం సాయంత్రం కుర్రవాడి ఇంటి వెనుక కళ్లంలో ప్రయోగం జరిగింది. మొదటిసారి బిరడా పక్క నుంచి గాలి కారి సీసా కదలలేదు. రెండవసారి ఇటుకలు సరిగా లేక, సీసా నేలబారుగా పోయి గడ్డివామిలో దూరింది. అందరమూ వెనుక దూరంగా వున్నాము గనుక నీళ్లు తప్ప మరేమీ పడలేదు. మూడవసారి అది వేపచెట్టు కొమ్మలు దాటి లేచింది. వద్దన్న నాయనమ్మ గడపలో నిలబడి చూస్తూ, "నాయనా, ఇంకొకసారి కొట్టించు, కళ్లజోడు పెట్టుకొని చూస్తా" అన్నది.

అసలు చదువు ఆ తరువాతనే మొదలయింది. కుర్రవాడు నోటుపుస్తకం తెచ్చాడు. నీళ్లు లేకుండా వట్టి గాలితో కొడితే సీసా కొంచెం ఎగిరి పడింది. నిండుగా నీళ్లు పోస్తే గాలికి చోటు లేక ఇటుకల మీదనే నీళ్లు కక్కింది. సగం నీటికంటే మూడవ వంతు నీటికి ఎక్కువ ఎత్తు పోయింది. "నీళ్లు తక్కువైతే ఎందుకు పోదు బాబాయ్?" అన్నాడు. సీసా పైకి పోవాలంటే కిందికి బరువు విసరాలి, విసరడానికి బరువు నీళ్లది, విసిరే బలం గాలిది, రెండూ పాలుగా వుండాలని చెప్పాము. మన నెల్లూరు సీమ ఒడ్డున శ్రీహరికోట నుంచి 1971లో ఎగిరిన తొలి రోహిణి రాకెట్టూ, 2023 జులై 14న చంద్రయాన్ 3ను మోసుకుపోయిన పెద్ద రాకెట్టూ యీ సూత్రంతోనే లేచినవి. వాటిలో నీళ్లకు బదులు మండిన వాయువు కిందికి పోతుంది, అంతే తేడా.

ఇక పెద్దలకు నాలుగు జాగ్రత్తలు. ఖాళీ కళ్లంలోనో మైదానంలోనో ఆడించండి. పైన కరెంటు తీగ, పక్కన బాట వుండరాదు. అందరి కళ్లకూ అద్దాలుండాలి. మోటారు సైకిలు నడిపేటప్పుడు పెట్టుకొనేవైనా సరే. సీసా మీద గీత పడినా, సొట్ట పడినా మార్చండి. పంపు కొట్టినా ఎగరకపోతే దగ్గరకు పోవద్దు. దూరాన నిలబడి పంపు దగ్గర గొట్టం విప్పితే గాలి దిగిపోతుంది, అప్పుడు పోయి చూడండి. సీసా ముక్కుకు మేకు, పుల్ల, రాయి కట్టవద్దు. మనిషి మీదికి, పశువు మీదికి, పిట్ట మీదికి గురి పెట్టవద్దు. అన్నిటికంటే ముఖ్యం, పంక్చరు కొట్టులోని కంప్రెసరుతో గాలి నింపవద్దు. చేతిపంపు కొట్టే చేతికి ఎంత ఎక్కిందో తెలుస్తుంది. మోటారుకు తెలియదు.

తల్లులడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది. పైపు తుపాకి మానిపించండి, గాలి ఆట మానిపించవద్దు. వట్టి "వద్దు" పిల్లవాణ్ణి డాబా ఎక్కిస్తుంది. వట్టి "నీ ఇష్టం" వాణ్ణి ఆసుపత్రి ఎక్కించవచ్చు. రెంటికీ నడుమ పెద్దవాడు కూర్చోవలసిన చోటు ఒకటున్నది, అది కళ్లంలో పంపు పక్కన. మన ముందుతరం వారు యీ నేలకు వచ్చినప్పుడు ఆయిల్ ఇంజను ఆగితే తామే విప్పి తామే బిగించారు. వారి పక్కన కూర్చుని పానా అందించిన పిల్లలే తరువాత మిల్లులు నడిపారు. పానా అందించడం నేర్పడానికి ఇవాళ మన దగ్గర ఇంజను లేకపోవచ్చు. ఒక సీసా, ఒక పంపు, ఒక ఆదివారం సాయంత్రం వున్నవి.

పాఠకులకు ఒక మనవి. వెదురు తుపాకిని మీ పుట్టిళ్ల వైపు ఏమని పిలిచేవారో, అందులో ఏ కాయ వాడేవారో రాసి పంపండి. పెద్దవాళ్లను అడిగితే పేరుతోపాటు ఆ కాయ ఏ చెట్టుదో కూడా చెబుతారు. వచ్చినవాటిని యీ అరుగు మీదనే అందరికీ వినిపిస్తాము.